ప్రూఫుల బల్ల దగ్గర

2024 డిసెంబర్ 14, విజయవాడ
మా పత్రిక జనవరి సంచిక 64 పేజీలు దాటిపోయింది. పదహారు పేజీల ఫారాలు నాలుగు, అంతకుమించి ఒక్క కాగితం కూడా కొనలేం. ఏ కథ ఆపాలా అని నేను చూస్తుంటే, మాస్టారు తన సంపాదకీయం తీసేశారు. ‘కొత్త పిల్లాడి కథ ఉండనీ అమ్మా’ అన్నారు.

డిసెంబర్ 17
ఆ కొత్త పిల్లాడిది అనంతపురం. ప్రూఫు పంపిన గంటకే ఫోను. ‘మేడమ్, మా నాయన పుట్టినప్పట్నుంచీ తింటున్నాడు అనే మాట అనలేదు. తింటాండాడు అనే రాసినా.’ గొంతులో కోపం లేదు, దిగులుంది.

కంపోజింగ్ చేసే అమ్మాయి కథంతా దిద్దేసింది. అడిగితే బిక్కమొహం వేసింది. ‘బళ్లో ఇట్టా రాస్తే తప్పని కొట్టేవాళ్లు గదక్కా!’ దానిదేం తప్పు? రాతప్రతి పక్కన పెట్టుకుని ఇద్దరం మాట మాటా పోల్చుకున్నాం. 43 చోట్ల. చివరికొచ్చేసరికి నా కంటే ముందే అది చదువుతోంది, ఆ యాసలోనే. రాత్రి తొమ్మిదైంది.

ప్రూఫ్ రీడర్‌కి వ్యాకరణం ఎంత తెలియాలో, ఎక్కడ కలం ఎత్తకూడదో అంతకన్నా బాగా తెలియాలి.

డిసెంబర్ 21
రిజిస్టర్డ్ బుక్ పోస్ట్ 18 నుంచి ఎత్తేశారు. మా కథాసంకలనం కట్టలు పోస్టాఫీసు నుంచి వెనక్కి తెచ్చాం. పార్సిల్లో పంపితే ఖర్చు రెట్టింపు దాటుతుంది. పల్లెటూరి పాఠకుడికి పుస్తకం చేరే దారి మూసేయడం అన్యాయం.

2025 జనవరి 6
పుస్తక మహోత్సవంలో మా బల్ల. ఒక పెద్దాయన పాత ‘భారతి’ సంచికల కోసం వచ్చారు. 1924లో కాశీనాథుని నాగేశ్వరరావు మద్రాసులో మొదలుపెట్టిన పత్రిక, 1991 దాకా నడిచింది. దానికి ఆయన అమృతాంజనం కంపెనీ అండ ఉండేది. మాకు చందాదారులే అండ. పెద్దాయన మా సంచిక తిరగేసి, ఆ అనంతపురం కథ అక్కడే నిలబడి పూర్తిగా చదివారు. ఏమీ అనలేదు. ఏడాది చందా కట్టి వెళ్లారు.

జనవరి 29
ఫిబ్రవరి సంచికకి రేపర్లు. మాస్టారు జిగురు రాస్తే నేను చిరునామాలు అంటించాను. ఎప్పటిలాగే మొదటి ప్రతి శ్రీకాకుళం కథానిలయానికి. కాళీపట్నం రామారావు గారు 1997లో ఆ ఇల్లు నిలబెట్టబట్టే, ఆగిపోయిన పత్రికల్లో కథలు కూడా ఈ రోజు చదవగలుగుతున్నాం.

38 రేపర్ల మీద ఎర్ర ఇంకుతో ‘చందా ముగిసింది’ అని రాశాను. అందుకున్నవాళ్లు దయచేసి ఈ నెలలోనే పంపండి. పిన్‌కోడ్ మరిచిపోకండి.