నాన్నకో గేమ్ బాయ్!

‘‘ఎనిమిదివేల అయిదొందలా? ఇరవయ్యేళ్ల కిందటి బొమ్మకా?’’

మా ఆవిడ అడిగినదాంట్లో తప్పేం లేదు. మిక్సీ జారు మూత పగిలి ఆర్నెల్లయింది. దానికి పళ్లెం మూతపెట్టి నెట్టుకొస్తున్నాం. అమ్మాయి ట్యూషన్ ఫీజు రెండో వాయిదా కట్టాలి. ఇలాంటప్పుడు నలభై అయిదు దాటిన ఓ అకౌంటెంటు, నింటెండో కంపెనీ ఎప్పుడో తయారీ ఆపేసిన ‘గేమ్ బాయ్ అడ్వాన్స్ ఎస్పీ’ని సెకండ్‌హ్యాండులో కొంటానంటే ఏ ఇల్లాలైనా అలాగే అడుగుతుంది.

‘‘నాకోసం కాదు. నాన్న కోసం’’ అన్నాను.

ఆ మాటలో నిజమెంతో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

నాన్న గుడివాడ డిపోలో ఆర్టీసీ కండక్టరు. 1995లో నేను పదో తరగతి. ఆ ఏడాది సంక్రాంతికి పోగైన డబ్బులతో బెజవాడ బీసెంట్ రోడ్డులో, ప్లాట్‌ఫామ్ మీద బేరమాడి బ్రిక్ గేమ్ కొన్నాను. అరచేతిలో పట్టే ప్లాస్టిక్ డబ్బా. ఎడమవైపు నాలుగు చిన్న మీటలు, కుడివైపు ఒక పెద్ద గుండ్రటి మీట. అట్టపెట్టె మీద 9999 ఆటలని రాసుంది. తీరా చూస్తే పట్టుమని ఇరవై కూడా లేవు. ఉన్నవాటికే వేగం పెంచీ తగ్గించీ అంత లెక్క చూపించారు. అయినా ఎవరిక్కావాలి? పైనుంచి ఇటుకలు పడుతుంటే కింద వరసగా పేర్చే ఆట ఒక్కటి చాలు, అన్నం నీళ్లు అక్కర్లేదు.

పరీక్షలు రెండు నెలలున్నాయనగా అది నాన్న కంటపడింది. తిట్టలేదు, కొట్టలేదు. తీసుకెళ్లి డ్యూటీ బ్యాగులో, టికెట్ల పక్కన పడేసుకున్నారు. అంతే, ఇక అది దక్కదనుకున్నా.

ఓ రాత్రి మంచినీళ్లకి లేచాను. వసారాలోంచి ‘కీక్... కీక్...’మని చప్పుడు. తొంగిచూస్తే సెకండ్ డ్యూటీ దిగొచ్చిన నాన్న, ఖాకీ చొక్కా కూడా విప్పకుండా, వీధిదీపం వెలుగు పడేచోట స్టూలు వేసుకుని ఇటుకలు పేరుస్తున్నారు! అమ్మ వడ్డించిన కంచం పక్కనే ఉంది. నన్ను చూశారేమో తెలీదు. నేను మాత్రం నీళ్లు తాగకుండానే వెనక్కొచ్చి పడుకున్నా.

ఫలితాలొచ్చిన రోజు ఆ డబ్బా నా చేతిలో పెట్టి, ‘‘నా స్కోరు కొట్టు చూద్దాం’’ అన్నారు. పెన్సిల్ బ్యాటరీలు తీస్తే అందులో స్కోరు చెరిగిపోయేది. అందుకని బీరువా తలుపు లోపలివైపు ఇద్దరి అంకెలూ పెన్సిల్‌తో రాసుకునేవాళ్లం. నాన్న ఎక్కువగా మాట్లాడే మనిషి కాదు. రోజంతా బస్సులో అరిచి అరిచి ఇంటికొచ్చేసరికి ఆయన దగ్గర మాటలు మిగిలేవి కావు. నేను కాలేజీలో చేరి హాస్టలుకెళ్లేదాకా మా మధ్య జరిగిన సంభాషణలో సగం ఆ బీరువా తలుపు మీదే ఉండేది.

మరి గేమ్ బాయ్ సంగతి? ఆ వేసవిలోనే మా వీధి డాక్టరుగారింటికి అమెరికా నుంచి మనవడొచ్చాడు. వాడి దగ్గరుండేది అసలు సిసలు గేమ్ బాయ్. బతిమాలితే పది నిమిషాలు ఇచ్చాడు. అదే ఇటుకల ఆట, కానీ సంగీతంతో! పదే పది నిమిషాలు. తర్వాత ముప్ఫయ్యేళ్లలో ఉద్యోగం, పెళ్లి, హైదరాబాద్‌లో అపార్టుమెంటు అన్నీ అమిరాయి. గేమ్ బాయ్ మాత్రం కొనలేదు. కొనాలన్నంత ధైర్యం రాలేదంటే బాగుంటుందేమో!

ఈ ఆటకి పెద్ద చరిత్రే ఉంది. 1984లో మాస్కోలోని సోవియట్ సైన్స్ అకాడమీ కంప్యూటర్ కేంద్రంలో పనిచేసే అలెక్సీ పజిత్నోవ్ దీన్ని తయారుచేశారు. పేరు టెట్రిస్. 1989లో నింటెండో గేమ్ బాయ్‌ని తెచ్చి, అమెరికాలో దాంతోపాటే టెట్రిస్‌నీ అందించింది. గేమ్ బాయ్ వెనకున్న గున్‌పే యోకోయ్ సూత్రం నాకు భలే ఇష్టం. కొత్తగా వచ్చిన ఖరీదైన టెక్నాలజీ వెంట పడొద్దు, బాగా పాతబడి చవగ్గా దొరికేదాన్నే కొత్తగా వాడు అనేవారాయన. అందుకే దాని తెర నలుపూ తెలుపూ కూడా కాదు, పాచి రంగు. లోపల దీపం లేదు. కానీ నాలుగు పెన్సిల్ బ్యాటరీలతో గంటలకొద్దీ నడిచేది. రంగుల తెరతో పోటీకొచ్చిన సెగా గేమ్ గేర్ ఆరు బ్యాటరీల్ని కొద్దిగంటల్లోనే మింగేసేది. చివరికి ఎవరు గెలిచారో చెప్పాలా! గేమ్ బాయ్, తర్వాతొచ్చిన గేమ్ బాయ్ కలర్ కలిపి 11 కోట్ల 86 లక్షలకు పైగా అమ్ముడయ్యాయి.

సరే, అసలు విషయానికొస్తాను. కిందటేడాది నాన్నకి పక్షవాతం వచ్చింది. దేవుడి దయవల్ల నడక వచ్చేసింది, మాటా వచ్చేసింది. ఎడమచెయ్యే ఇంకా మొండికేస్తోంది. ముఖ్యంగా బొటనవేలు. ఫిజియోథెరపీ అబ్బాయి మెత్తటి బంతి ఇచ్చి రోజూ నొక్కమన్నాడు. నాలుగు రోజులు నొక్కారు. అయిదో రోజు ఆ బంతి సోఫా కింద కనిపించింది. ‘‘ఎన్నిసార్లు నొక్కినా బంతి బంతిలాగే ఉంటుంది కదరా’’ అన్నారు. డెబ్భై నాలుగేళ్ల మనిషి పొద్దున్నుంచీ రాత్రిదాకా కిటికీ దగ్గర కూర్చుని, కింద రోడ్డుమీద వెళ్లే సిటీ బస్సుల్ని చూస్తుంటే నాకేదోలా ఉండేది.

ఫోనులో ఇటుకల ఆట పెట్టిచ్చాను. వేలు అద్దం మీద జారిపోయేది. ఎక్కడ నొక్కారో ఆయనకే తెలిసేది కాదు. పైగా ఆట మధ్యలో ప్రకటనలు. ఇదివరకైతే రమ్మీ ఆడండంటూ వచ్చేవి. డబ్బులు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేశాక ఆ గొడవ తగ్గింది కానీ ప్రకటనలు ఆగలేదు. ఒకటి మూయబోతే ఇంకోటి తెరుచుకునేది. ‘‘ఇది ఆటా, తిరనాళ్లా?’’ అని ఫోను తిరిగిచ్చేశారు.

అప్పుడు తట్టింది నాకు... మీటలుండాలి. నొక్కితే నొక్కినట్టు వేలికి తెలియాలి. ఇంటర్నెట్ ఉండకూడదు.

రెండువారాలపాటు రాత్రిళ్లు కూర్చుని పరిశోధన చేశాను. మొదటి గేమ్ బాయ్ అయితే తెరలో వెలుగుండదు, నాన్న కళ్లకి ఆనదు. సోనీ పీఎస్పీది 4.3 అంగుళాల పెద్ద తెర, చూడముచ్చటగా ఉంటుంది. కానీ 2004లో వచ్చిన ఆ యంత్రం అమ్మకాలు 2014కల్లా ఆగిపోయాయి. పాత బ్యాటరీలు ఉబ్బిపోతాయి. డిస్కు తిప్పే మోటారు ఎప్పుడు మొరాయిస్తుందో తెలీదు. నింటెండో డీఎస్ లైట్ బాగుంటుంది, కాకపోతే అందులో గేమ్ బాయ్ అడ్వాన్స్ క్యాసెట్లు పడతాయి తప్ప తొలినాటి గేమ్ బాయ్ క్యాసెట్లు పట్టవు. చైనా నుంచి వచ్చే కొత్త యంత్రాల్లో వేల ఆటలు నింపి చవగ్గా ఇస్తున్నారు. అవన్నీ ఎవరి అనుమతితో నింపారని అడిగితే జవాబుండదు. పైగా వేల ఆటలు అనగానే నాకు బీసెంట్ రోడ్డు అట్టపెట్టె గుర్తొచ్చింది!

మిగిలింది ఎస్పీ. 2003లో వచ్చింది. మడతపెడితే అరచేతిలో ఇమిడిపోతుంది. లోపలే చార్జింగ్ బ్యాటరీ, తెరకి దీపం. 1989 నాటి టెట్రిస్ క్యాసెట్టు కూడా ఇందులో ఆడుతుంది. దీనికో విచిత్రమైన లోపముంది... ఇయర్‌ఫోను పెట్టుకునే కన్నం ఉండదు, విడిగా అడాప్టర్ కొనాలి. మా ఇంట్లో ఆ చప్పుడు వినపడటమే కదా కావాల్సింది!

పాతది కొనేటప్పుడు చూడాల్సినవీ రాసిపెట్టుకున్నా. వెనక స్టిక్కరు మీద 001 అని ఉంటే తెర వెలుగు తక్కువ, 101 అని ఉంటే ఎక్కువ. మడత దగ్గర పగుళ్లుండకూడదు. స్క్రూలకి మూడు పాయల గాడి ఉంటుంది, అవి అరిగాయంటే ఎవరో విప్పారని అర్థం. ఆటను దాచుకునే సౌకర్యమున్న పాత క్యాసెట్లు చాలావాటిలో చిన్న బొత్తాం బ్యాటరీ ఉంటుంది. అది అయిపోతే దాచుకున్న ఆటంతా పోతుంది. ఇవన్నీ డైరీలో నంబర్లేసి మరీ రాశాను. మా ఆవిడ అది చూసి, ‘‘మామయ్యగారి కోసం ఇంత శ్రద్ధగా మందుల చీటీ కూడా రాయలేదు మీరు’’ అంది. ఏమంటాం!

అమ్మే కుర్రాడు అమీర్‌పేట మెట్రో స్టేషన్ కింద టీకొట్టు దగ్గరికి రమ్మన్నాడు. ఆ ఆదివారం నాన్ననీ తీసుకెళ్లాను. వెండిరంగు యంత్రం, కొత్తదానిలా మెరుస్తోంది. పక్కనే టెట్రిస్ క్యాసెట్టు. నేను ఆత్రంగా తెరిచాను. తెరమీద అక్షరాలు మసక మసకగా... ఇదేంటి, చెడిపోయిందా? జేబులోంచి చత్వారం అద్దాలు తీసి పెట్టుకుంటే బ్రహ్మాండంగా కనిపించాయి! కుర్రాడు నవ్వు ఆపుకున్నాడు. డైరీ సంగతి పూర్తిగా మర్చిపోయి జేబులో డబ్బులకోసం చెయ్యి పెట్టాను.

‘‘ఆగరా’’ అన్నారు నాన్న.

యంత్రాన్ని తిరగేసి, కుడిచేత్తో కంటికి దగ్గరగా పెట్టుకుని చూశారు. ‘‘దీన్ని విప్పారు బాబూ. స్క్రూల తలలు గీసుకుపోయాయి చూడు’’ అన్నారు. నాన్న రిటైరయ్యేముందు కండక్టర్లకి టికెట్ మిషన్లు వచ్చాయి. ‘‘డిపోలో మిషన్ చేతికివ్వగానే ముందు వెనకవైపు చూసేవాణ్ణి. విప్పిన మిషన్ దారిలో ఆగిందంటే సమాధానం చెప్పుకోవాల్సింది నేనే కదా’’ అన్నారు. ఏడాదిగా ఆయన ఒక్క బిగిన అన్ని మాటలు మాట్లాడటం నేను వినలేదు.

కుర్రాడు కాస్త తడబడి, నిజం చెప్పేశాడు. పైతొడుగు మార్చాడట. తెరా పాతది పోతే కొత్తరకం తెర వేశాడట. ‘‘అసలుదానికంటే వెలుగెక్కువ అంకుల్. కానీ సేకరించేవాళ్లు ఒరిజినలే కావాలంటారు. అందుకే చెప్పలేదు, సారీ’’ అన్నాడు.

ఇక్కడ నేను నిజంగా ఆలోచనలో పడ్డాను. నాక్కావాల్సింది చిన్నప్పుడు పది నిమిషాలు పట్టుకున్న వస్తువా, లేక నాన్న చూడగలిగే తెరా? అద్దాల బీరువాలో పెట్టుకోవాలంటే ఇది పనికిరాదు. ఆడుకోవాలంటే ఇదే మేలు. ముందే చెప్పుంటే కుర్రాడి మీద అనుమానమూ ఉండేది కాదు.

‘‘ఎవరికిరా ఇది?’’ నాన్న అడిగారు.

‘‘నీకే నాన్నా. ఎడమచేతికి పనుంటుందని...’’

‘‘నాకోసమైతే బీసెంట్ రోడ్డు డబ్బా ఇప్పటికీ రెండు మూడొందలకి దొరుకుతుంది. ఇంత దూరం రానక్కర్లేదు.’’

నాకు నోట మాట రాలేదు. ఈ రెండువారాల్లో ఆ ముక్క నాకు తట్టలేదంటే నమ్మండి. లేదు, తట్టింది. డైరీలో రాయలేదంతే.

నాన్న నాకేసి చూసి, ‘‘డాక్టరుగారి మనవడి దగ్గరుండేది ఇదేనా?’’ అన్నారు. ఆ సంగతి ఆయనకి గుర్తుందని కాదు, అసలు తెలుసని కూడా నేననుకోలేదు. ‘‘ఆ వేసవిలో అడుగుతావనుకున్నా. అడగలేదు. అడిగినా కొనే స్తోమత లేదులే’’ అని, కుర్రాడివైపు తిరిగి, ‘‘విప్పిన బండికి కొత్తబండి రేటు ఏంటి బాబూ?’’ అని బేరం మొదలెట్టారు. క్యాసెట్టుతో కలిపి ఆరున్నర వేలకి ఒప్పించారు. ఆరువేలు నేనిచ్చాను. మిగతా అయిదొందలు ఆయనే ఇచ్చారు. ఆర్టీసీలో రిటైరైనవాళ్ల పింఛనెంతో తెలిసినవాళ్లకి ఆ అయిదొందల విలువ వేరే చెప్పక్కర్లేదు.

ఇది జరిగి మూడు నెలలైంది. ఆట వైద్యం కాదు. బంతి సోఫా కిందనుంచి బయటికొచ్చింది, ఫిజియోథెరపీ అబ్బాయీ వారానికి రెండుసార్లు వస్తున్నాడు. బొటనవేలు ఇప్పటికీ చెప్పినమాట ఒక క్షణం ఆలస్యంగానే వింటుంది. పొడుగు ఇటుక ఎడమ అంచుకి వెళ్లేలోపే మధ్యలో పడిపోతుంది. అప్పుడు నాన్న విసుక్కుంటారు. మళ్లీ మొదలెడతారు. మొదటిరోజు ఆరు వరసలు. మొన్న ముప్ఫై ఒకటి.

ఇంకో సంగతి. ఆ టెట్రిస్ క్యాసెట్టులో స్కోరు దాచుకునే ఏర్పాటు లేదు. స్విచ్ ఆపితే అంకెలన్నీ మాయం. కొనేటప్పుడు ఇది నాకు లోపంగానే కనిపించింది. ఇప్పుడు ఫ్రిజ్ తలుపు మీద ఓ కాగితం అంటించి ఉంది. మూడు గళ్లు... నాన్న, నేను, అమ్మాయి. నాలుగో గడి కిందటివారం కొత్తగా చేరింది, పేరు రాయలేదు. మధ్యాహ్నం మేమెవరం ఇంట్లో లేనప్పుడు ఎవరాడుతున్నారో ఆ చేతిరాత చూస్తే తెలిసిపోతూనే ఉంది. అందరికంటే పెద్ద అంకె అదే.

మిక్సీ జారు మూత ఇంకా కొనలేదు. దాని గురించి మాత్రం ఈమధ్య ఎవరూ అడగడం లేదు.