చిలికా నేర్పిన పాఠం



గత శీతకాలపు సెలవులలో మా బరంపురం పిల్లలను చిలికా తీరాన ఉన్న రంభకు తీసుకొనివెళ్ళాను. 1981లో రామ్‌సర్ జాబితాకెక్కిన సరస్సు అది. గంటల లెక్కన ఒక మరపడవను బాడుగకు మాట్లాడుకొని, అందరికీ లైఫ్ జాకెట్లు తొడిగిన పిమ్మటనే బయలుదేరాము. వలసపక్షులను చూచి పిల్లలు కేరింతలు కొట్టారు.

తరగతిలో చదవలేక తలవంచుకొనే ఒక జాలరి బాలుడు, పక్కన సాగే నాటుపడవలను చూపుతూ తెడ్డు, చుక్కాని, లంగరు, తెరచాప అని ఒక్కొక్కటే అందరికీ వివరించాడు. ఇన్నాళ్ళూ వానికి తెలుగు రాదని మార్కులు తగ్గించినందుకు సిగ్గుపడ్డాను.

బడి తెరచిన నాడు ఆ మాటలనే నల్లబల్లపై వ్రాశాను. తడబడుతూనైనా తలయెత్తి చదివాడు.

మీ పిల్లల తెలుగును కొలిచే ముందు, ఒక్కసారి వారిని బడి గోడలు దాటించి చూడండి.