సముద్రపుటంచున సంగీతమందిరము

ముంబయి చూచి వచ్చిన మన సోదరీమణులను “ఏమేమి చూచితిరమ్మా?” అని అడిగినచో మహాలక్ష్మి గుడి, గేట్ వే ఆఫ్ ఇండియా, హ్యాంగింగ్ గార్డెన్సు, మెరైన్ డ్రైవు అని వ్రేళ్ళు మడచి లెక్కచెప్పుదురు. మెరైన్ డ్రైవున సాయంకాలము నడచి, దీపములు వరుసగ వెలుగుట చూచి, దానికి ‘రాణిగారి కంఠహారము’ అను పేరు తగినదే యని మెచ్చుకొని మరలివత్తురు. ఆ హారమునకు దక్షిణపు కొసను, నారిమన్ పాయింటున, సముద్రమునకు ఎదురుగ ఒక భవనసముదాయము కలదు. దాని పేరు జాతీయ ప్రదర్శన కళాకేంద్రము. ఊరివారు దానిని ఎన్.సి.పి.ఏ. యందురు. ప్రతి సాయంకాలము ఎందరో జనులు దానికి వీపు పెట్టి, గట్టుపై కూర్చుండి అలలను చూచుచుందురు. సముద్రము చూడదగినదే, కాదనము. కాని ఆ వీపువైపున నున్నదానిని గూర్చి మన పాఠకురాండ్రకు నాలుగు మాటలు చెప్పవలెనని మాకు తోచినది.

ఆ భవనములున్న చోట ఒకప్పుడు నీరే. 1969 లో జె. ఆర్. డి. టాటాగారును, జంషెడ్ భాభాగారును కలిసి ఈ సంస్థను స్థాపించిరి. అప్పటికి దానికి సొంతగూడు లేదు. భూలాభాయి దేశాయి రోడ్డునందలి ‘ఆకాశగంగ’ యను మేడలో కొంత చోటు చూచుకొని పని ప్రారంభించిరి. పిదప సముద్రమును పూడ్చి సంపాదించిన ఎనిమిది ఎకరముల నేలపై ఈ మందిరములు లేచినవి. జంషెడ్‌గారు అణుశాస్త్రమున ప్రసిద్ధులైన హోమీ భాభాగారికి తమ్ముడు. వృద్ధ విద్వాంసుల గానము వారితోనే పోకుండ ధ్వనిముద్రణము చేసి దాచుట ఈ సంస్థ మొదటినుండియు పెట్టుకొన్న పనులలో నొకటి. మేడలకంటె ముందు ఈ తలంపు కలిగినందులకే మాకు ఆ సంస్థపై గౌరవము.

అందలి మందిరములలో టాటా థియేటరు ముఖ్యమైనది. 1980 లో దీనిని అప్పటి ప్రధానమంత్రి ఇందిరాగాంధిగారు ప్రారంభించిరి. రూపము కల్పించినవారు అమెరికాదేశపు వాస్తుశిల్పి ఫిలిప్ జాన్సనుగారు. శబ్దము చక్కగ వినవచ్చునట్లు చేసినవారు సిరిల్ హారిస్‌గారు. న్యూయార్కునందలి మెట్రోపాలిటన్ ఒపెరా భవనమునకు సైతము శబ్దవ్యవస్థ వారిదే. అమెరికావారిచే కట్టింపబడినను, ఈ మందిరము మన కళల స్వభావము నెఱిగి కట్టబడినది. పాశ్చాత్య నాటకశాలలు కొన్ని పొడుగుగ నుండి, వెనుక వరుసలవారికి నటుడు బొమ్మవలె కనబడును. మన నృత్యమున కనుబొమ యొకటి కదలిన కథ మారిపోవును. భామాకలాపమున సత్యభామ కంటిలోని అలుక కనబడకున్న ఇక చూడవలసిన దేమున్నది? వీణమీద ఒక్క మీటునుండి పుట్టి జారిపోవు గమకమును దూరమున నున్నవాడు వినజాలడు. కనుక ఈ మందిరమును విసనకఱ్ఱవలె వెడల్పుగ విప్పి, 1,010 ఆసనములను వేదిక చుట్టును చేర్చిరి. కంఠధ్వని యంత్రసహాయము లేకయే కడపటి వరుసకు చేరవలెనని వారి యుద్దేశము.

కూచిపూడి భాగవతులు ఊరి నడుమ ఆడుచుండగా జనులు చాపలు పరచుకొని చుట్టును మూగి కూర్చుండెడివారు. ఆ దగ్గఱితనమునే ఈ మందిరము మరల సంపాదింపజూచినది.

ఈ సంగతి మాకు చదువుటచే తెలియలేదు. మా అత్తగారివలన తెలిసినది. ఆమెకు డెబ్బదియారు సంవత్సరములు, వినికిడి మందగించినది. పెండ్లిండ్లలో మైకులు పెట్టి పాడింతురు గదా, ఆ హోరులో ఆమెకు ఒక్క మాటయు తెలియక, విననట్లే ఒక మూల కూర్చుండును. మొన్న శీతకాలమున మా ఆడపడుచు ఇంటికి ముంబయి పోయినప్పుడు, ఆ యమ్మాయి టాటా థియేటరులో గాత్రకచేరికి మా కందఱకును టిక్కెట్లు కొనెను. అత్తగారు “నాకేల తల్లీ? వినబడనిదానికి అంత డబ్బా? మీరు పోయి రండి, నేను ఇంట దీపము పెట్టుకొందును” అనెను. అది వినికిడి మాత్రమే కాదని మాకు తెలియును. చలువరాతి మెట్లు, అద్దపు తలుపులు, ఇంగ్లీషు మాటలాడువారు—అట్టి చోట తనకు పని లేదని ఆమె భావము. నిజము చెప్పవలెనన్న ఆ సంకోచము మాకును కొంత కలదు. ఆడపడుచు వినలేదు. “అమ్మా, నీ కొఱకే కొంటిని” అనుటతో ఆమె బయలుదేరెను.

లోపల మేము కూర్చున్నది వెనుకటి వరుసలలోనే. కచేరికి ముందు తంబురా శ్రుతి చేయుచుండగనే అత్తగారు తల యెత్తెను. పాట సాగినకొలది ఆమె తొడపై తాళము వేయసాగెను. నడుమ మా చెవికడకు వంగి, “మాట మాటయు తెలియుచున్నదే! మన పెరటిలో పాడినట్లున్నది” అనెను. ఎంత నెమ్మదిగ చెప్పినదో యనుకొన్నది గాని, ముందు వరుసలో నిద్దఱు వెనుకకు తిరిగి చూచిరి.

ఆ రాత్రి ఇల్లు చేరినపిదప, ఎవరును అడుగకుండగనే, ఆమె ‘ఊర్మిళాదేవి నిద్ర’ పాడుట మొదలిడెను. ఈ పాట చాలమంది ఇండ్లలో నుండెడిదే, పుస్తకములలోను అచ్చుపడినదే. కాని మా అత్తగారి వరుస ఆమె అమ్మమ్మనాటిది. మఱి యెచటను మేము వినలేదు. అచ్చు మాటను నిలుపును గాని వరుసను నిలుపజాలదు. సగము పాడి ఆమె ఆగిపోయెను. తరువాతి చరణపు మాటలు మేము చెప్పగలిగితిమి. రాగము మాత్రము ఆమెకు తోపలేదు. మనుమరాలు తన ఫోనులో ఆ సగమును పట్టియుంచినది.

రెండవ పెద్ద మందిరమునకు జంషెడ్ భాభా థియేటరని పేరు. ఒపెరాలకును పెద్ద వాద్యబృందములకును తగినట్లు కట్టినది. కట్టుచుండగనే అగ్నిప్రమాదమునకు గుఱియై, మరల కట్టబడి 1999 లో తెరువబడినది. అందలి చలువరాతి మెట్లు పెటిట్ హాల్ అను పాతమేడనుండి తెచ్చి అమర్చినవి. ఎవరి యింటి మెట్లో ఎందఱికో మెట్లైనవి. 2006 లో ఏర్పడిన సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా ఈ కేంద్రమునకు చెందినదే. ఇవి గాక ప్రయోగ నాటకములకు, నృత్యమునకు, చిన్న గోష్ఠులకు వేఱువేఱు మందిరములున్నవి.

ఇంటి మాట వచ్చినది గనుక మఱొకటి చెప్పవలెను. మలబారు కొండమీద భాభా సోదరుల గృహము ‘మెహరాన్‌గీర్’ ఉండెడిది. 2007 లో జంషెడ్‌గారు మరణించినపిదప అది ఈ కేంద్రమునకు సంక్రమించినది. 2014 లో వేలము వేయగా 372 కోట్ల రూపాయలు వచ్చినవి. హోమీ భాభాగారు నివసించిన ఇంటిని స్మారకముగ నిలుపవలెనని శాస్త్రజ్ఞులు కొందఱు మొఱపెట్టుకొనిరి. వారి బాధ సహజమే. పుట్టినిల్లు అమ్ముడుపోయిన ఆడువారికి అది వేఱుగ చెప్పనక్కఱలేదు. అయినను ఇల్లు మూసియుంచి ఫలకము తగిలించుటకంటె, ఆ ధనముతో పాట నిలుచుటయే మేలని మా తలంపు. మా వారు దీనికి ఒప్పుకొనరు.

లోపములు లేకపోలేదు. పెద్ద కచేరీల టిక్కెట్లు సామాన్య గృహస్థునకు బరువే. ఊరి ఉత్తరభాగమున నుండువారు ఈ కొసకు వచ్చి, రాత్రి మరల ఇల్లు చేరుట యొక పరీక్ష. ముంబయి కట్టినవారిలో మన తెలుగు కూలీలు ఎందఱో కలరు; కామాఠిపురమునకు ఆ పేరు వారివలననే వచ్చినది. వారి సంతతివారు ఈ అద్దపు తలుపులు ఎందఱు దాటిరో యని ఆ సాయంకాలము మా మనసున మెదలినది. కొన్ని కార్యక్రమములకు రుసుము లేకపోవుట మంచి సంగతి. వానిని ముందుగ కనుగొని పోవచ్చును. చర్చిగేటు స్టేషను దగ్గఱ. అచటినుండి టాక్సీలో పోవచ్చును, ఓపికయున్న నడువనువచ్చును. వేళకు ముందే చేరుట మంచిది. ముంబయిలో కొడుకో కూతురో ఉన్నవారు, బయటినుండి ఫోటో తీయించుకొని తృప్తిపడక, ఒక్క పూట లోపల కూర్చుండునట్లు అడిగి పోవలెను. బయటినుండి చూచిన అది వట్టి కట్టడమే.

అత్తగారికి ఆ మిగిలిన వరుస అప్పుడప్పుడు, పప్పు ఏఱుచుండగనో జపము నడుమనో, ఒక తునుక తోచుచున్నది. తోచినప్పుడు మనుమరాలు ఇంట నుండదు. అందుచేత ఆ ఫోనులో పాట పట్టుట మేమును నేర్చుకొంటిమి. వంటయింటి గూటిలో, ఉప్పుజాడీ ప్రక్కనే దానిని ఉంచుచున్నాము.