టోకెను నేర్పిన పాఠము

మా బాల్యమున తర్లుపాడు మీదుగా మీటరుగేజి బండ్లు నడచుచుండెను. సాయంకాలములందు మేము స్టేషనునకు పోయి, బండి వచ్చినప్పుడు టోకెను మార్చుకొనుట చూచి మురియుచుంటిమి. ఒంటి పట్టాల మార్గమున రెండు స్టేషనుల నడుమ నొక్క బండియే యుండవలెను. పొరుగు స్టేషనువారు సమ్మతించినగాని యంత్రమునుండి టోకెను వెలువడదు. అది చేతికి రానిదే డ్రైవరు బండి కదల్పడు. “ఇంత చిన్న వస్తువునకు అంత కావలియేల తాతా?” యని మేము ముదుసలి పాయింట్సుమాను నడిగితిమి. “బండెడు ప్రాణాలు దీంట్లో ఉన్నాయి నాయనా” అని యాతడనెను.

నేడు కరెంటును, నీటిని, రైలు సిగ్నళ్లను పెక్కుచోట్ల కంప్యూటర్లు దూరమునుండియే నడపుచున్నవి. దూరమునుండి నడపదగినదానిని దూరమునుండియే చెరుపవచ్చును గదా! 2015 డిసెంబరు 23న ఉక్రెయిను దేశమున నిట్లే జరిగెను. అంతకు నెలల ముందే మోసపు ఈమెయిళ్ల వెంట చొరబడిన దుండగులు, ఉద్యోగులు చూచుచుండగనే సబ్‌స్టేషనుల స్విచ్చులను తీసివేసిరి. సుమారు 2,25,000 మంది వినియోగదారులకు కరెంటు పోయెను. పనివారు సబ్‌స్టేషనులకు పరుగెత్తి స్విచ్చులను చేతితో వేయగా, కొన్ని గంటలలో దీపములు మరల వెలిగెను.

అది పరదేశపు కథయని యూరకుండరాదు. 2019లో ఆంధ్ర, తెలంగాణ విద్యుత్పంపిణీ సంస్థల వెబ్‌సైట్లలో దుండగులు చొరబడి సొమ్మడిగిరి. ఆ యేటనే కూడంకుళము అణువిద్యుత్కేంద్రపు కార్యాలయ కంప్యూటరు నొక వైరసు సోకెను. యంత్రములను నడపు కంప్యూటర్లు దానితో కలియక వేరుగా నున్నందున వానికి హాని కలుగలేదని యధికారులు తెలిపిరి. ఇట్టివి జరిగినచో 6 గంటలలో సర్ట్-ఇన్ సంస్థకు తెలుపవలెనని 2022లో ప్రభుత్వము శాసించెను. ఫ్లోరైడు నీటితో బాధపడు మా మార్కాపురపు సీమలో మంచినీరు మోటార్ల వలననే వచ్చును; కరెంటు పోయిన బిందెయు నిండదు.

నియమములు వ్రాయుట సులభము, పాటించుట కష్టము. మేమే పాఠశాల కంప్యూటరు పాస్‌వర్డును మరతుమను భయమున కాగితముపై వ్రాసి గోడకంటించితిమి. ఒక విద్యార్థి దానిని చూచి, “తాళం వేసి, తాళంచెవి గుమ్మానికే తగిలించారేమి సారూ?” అనెను. మేము సిగ్గుపడి కాగితమును చించివేసి, పాస్‌వర్డును మార్చితిమి. ఆనాటి పాయింట్సుమాను తాత మాకు జ్ఞప్తికి వచ్చెను.

విద్యార్థులారా! రేపు మీలో కొందరు సబ్‌స్టేషనులోనో సిగ్నలు గదిలోనో కూర్చుందురు. ఎరుగని ఈమెయిలు తెరువకుడు. పాస్‌వర్డు నొరులకీయకుడు. పొరపాటు జరిగిన దాచక వెంటనే చెప్పుడు. యంత్రము చెడిననాడు చేతితో నడపు విద్యను మరువకుడు. మీ చేతిలోనిది చిన్న టోకెనే కావచ్చును. దాని వెనుక బండెడు ప్రాణములున్నవి.