రీసెట్ నొక్కిందెవరు?

రాస్‌ప్బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌ మీద పాత వీడియో ఆటలు ఆడించే రెట్రోపైలో ఆటను మళ్లీ మొదలుపెట్టాలంటే జాయ్‌స్టిక్ మీద సెలెక్ట్ పట్టుకుని బీ నొక్కితే చాలు. అయినా ఇంట్లో చేసుకున్న కన్సోల్ డబ్బాకు నేను వేరే రీసెట్ మీట పెట్టాను. ఇది న్యాయానికి సంబంధించిన విషయం. చేతిలోని మీట ఎవరు నొక్కారో పక్కవాడికి తెలియదు. డబ్బా మీది మీటకైతే చెయ్యి చాచాలి. ఓడిపోబోతూ ఆట చెడగొట్టేవాడు అందరి కళ్లముందే దొరికిపోతాడు. చిన్నప్పుడు ఫామికామ్ అనే వీడియో ఆటపెట్టెకు వచ్చిన నకళ్ల ముందు మా పోట్లాటల్లో సగం ఆ చెయ్యి గురించే.

మీటకు ప్రాణం పోయడం రెండు తీగల పనే గానీ, వాటిని ఎక్కడ కలపాలో ఆలోచించాలి. రాస్‌ప్బెర్రీ పై 3 బోర్డు మీద రన్ అని రాసినచోట రెండు రంధ్రాలుంటాయి. వాటిని కలిపితే బోర్డు ఉన్నపళాన మొదటికొస్తుంది. 1983 నాటి ఫామికామ్‌ది ఇంచుమించు ఇదే పద్ధతి. మీట నొక్కితే ప్రాసెసర్ ఆగుతుంది, వదిలితే మొదటి అడుగు నుంచి నడక మొదలెడుతుంది. ఆట కార్ట్రిడ్జిలోని చిప్పులో భద్రంగా ఉంటుంది కనుక దానికేమీ కాదు.

రాస్‌ప్బెర్రీ పై సంగతి వేరు. అది ఆటపెట్టె వేషం కట్టిన కంప్యూటర్. ఎస్‌డీ కార్డు మీద ఏదో రాసుకుంటున్నప్పుడు రన్‌తో ఇలా కుదిపితే ఫైళ్లు పాడు కావచ్చు. అందుకని ఒక తీగ జీపీఐఓ పిన్నుకూ, రెండోది గ్రౌండుకూ కలిపాను. ఓ చిన్న పైథాన్ స్క్రిప్టు ఆ పిన్నుకు కాపలా. స్విచ్చిలోని రేకులు అదిరి ఒక్క నొక్కు నాలుగైదుగా కనబడొచ్చు కనుక, కొన్ని మిల్లీసెకన్లు ఆగి ఖాయం చేసుకుని, ఆటను నడిపే రెట్రోఆర్క్‌కు రీసెట్ అని కబురు పెడుతుంది. ఆట ఒక్కటే మొదటికొస్తుంది, లైనక్స్‌కు నిద్రాభంగం ఉండదు. అదే మీటను కాసేపు నొక్కి పట్టుకుంటే రాస్‌ప్బెర్రీ పై పద్ధతిగా షట్‌డౌన్ అవుతుంది. పాత మీటది ఆజ్ఞ, దీనిది అర్జీ.

ఇంతకీ రీసెట్ అన్నీ తుడిచేస్తుందనుకుంటే పొరపాటు. ఫామికామ్‌లో రీసెట్ నొక్కినా ర్యామ్ చెరగదు. సూపర్ మారియో బ్రదర్స్ ఆ సంగతి వాడుకుని, మళ్లీ మొదలయ్యాక కూడా టాప్ స్కోరు చూపిస్తుంది. చెయ్యి చాచినవాడు తన ఓటమి నుంచి తప్పించుకుంటాడు గానీ, అంతకుముందు ఆటలో తమ్ముడు కొట్టిన స్కోరును మాత్రం చెరపలేడు. దాన్ని చెరపాలంటే పవర్ తీసేయాల్సిందే. ఆ అధికారం అమ్మది.