ఏజెంటు మాయం, ఆమె జైల్లో

శంషాబాద్ ఎయిర్‌పోర్టులో ఆపేసిన ఆడవాళ్ల కేసులే నా దగ్గరికి ఎక్కువగా వస్తాయి. కడప, రాయచోటి, కోనసీమ వైపు నుంచి కువైట్‌కో మస్కట్‌కో ఇంటిపనికి బయల్దేరినవాళ్లు. పట్టుబడితే నేరుగా చంచల్‌గూడ జైలుకే.

గల్ఫ్‌లో ఇంటిపనికి వెళ్లే ఆడమనిషికి 30 ఏళ్లు నిండాలని నిబంధన. పంపే బాధ్యత ఓంక్యాప్, టామ్‌కామ్ లాంటి ప్రభుత్వ సంస్థలది. కానీ అప్పులవాళ్లు 30 ఏళ్లు నిండేదాకా ఆగరు కదా. ఏజెంటు దూరేది ఆ సందులోనే. వయసు పెంచి ఆధార్ తెస్తాడు, దాని మీద పాస్‌పోర్టు తీయిస్తాడు. లేదంటే కౌంటర్లో విజిట్ వీసా చూపించమని, ఖద్దామా (ఇంటిపని) వీసా సంచి అడుగున దాచుకోమని చెబుతాడు.

రాయచోటి వైపు అమ్మాయి ఒకామె పాస్‌పోర్టులో 32 ఏళ్లుంది. ఇంట్లోవాళ్ల ఆధార్‌లన్నీ తెప్పించి పక్కపక్కన పెట్టి చూశాను. కాగితం మీద సొంత అక్క కంటే ఈమే ఆరేళ్లు పెద్దది! అడిగితే, "ఆ యప్ప చూపిచ్చిన కాడ సంతకం పెట్టినా సార్, ఆడేం రాసిండారో నాకేం తెల్సు" అంది. ఆ మాట నేను నమ్మాను, ఇప్పటికీ నమ్ముతున్నాను. దొంగ కాగితం వాడిన నేరం నిలవాలంటే, అది దొంగదని ఆమెకు తెలిసైనా ఉండాలి, అలా అనుకోవడానికి తగిన కారణమైనా ఉండాలి. బెయిలు పిటిషన్లో నా వాదనంతా దాని మీదే. బెయిలు వచ్చింది. పాస్‌పోర్టు కోర్టులో ఉంది, కేసు నడుస్తోంది. ఏజెంటు మాత్రం పరారీ.

లైసెన్సు లేకుండా మనుషుల్ని పంపితే 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద రెండేళ్ల దాకా జైలు, 2,000 రూపాయల దాకా జరిమానా. ఒక్క మనిషిని పంపితే వచ్చే కమీషన్ ముందు ఆ జరిమానా ఏ మూలకు? 2025 సెప్టెంబర్ 1న అమల్లోకి వచ్చిన ఇమిగ్రేషన్, విదేశీయుల చట్టం గట్టిది. దొంగ పాస్‌పోర్టో వీసానో తెలిసి వాడితే రెండు నుంచి ఏడేళ్ల జైలు, లక్ష నుంచి పది లక్షల జరిమానా. దేశం దాటిపోవడానికి వాడినా అంతే. సరఫరా చేసినవాడికీ అదే శిక్ష.

పోలీసులు ఆ చట్టంలో వాడినవాళ్ల గురించి చెప్పే మొదటి సగమే చదువుతారేమోనని నా భయం. అందుకే ఏజెంటు వాట్సాప్ వాయిస్ మెసేజీలు, టికెట్ డబ్బులు ఎవరి ఖాతా నుంచి వెళ్లాయో ఆ వివరాలు తీసుకెళ్లి దర్యాప్తు అధికారికి రాతపూర్వకంగా ఇచ్చి, రసీదు తీసుకుంటున్నాను.