టాప్ తీస్తే నాన్న మాట్లాడాడు

మా నాన్న అమెరికా వచ్చిన రెండో వారం. డైనింగ్ టేబుల్ దగ్గర కాఫీ తాగుతూ అడిగాడు. "ఒరే అబ్బాయ్, ఈ ఊళ్లో గాలి ఎక్కడుంటుందిరా?"

నాకు నవ్వొచ్చింది. మేముండే షార్లెట్ చెట్ల ఊరు. ఇంటి వెనక చిన్నపాటి అడవే ఉంది. "బోలెడు గాలి నాన్నా, కిటికీ తీయనా?" అంటూ లేచి వెళ్లి లాగా. రాలేదు. ఇల్లు కొన్న నాలుగేళ్లలో ఆ కిటికీని ఒక్కసారి కూడా తెరవలేదని అప్పుడు తెలిసింది.

కొలకలూరులో ఆయన రోజు అరుగు మీద మొదలవుతుంది. పాలు పోసే మనిషి, పొలం వెళ్లే ట్రాక్టర్లు, కాలువ వైపు నుంచి వచ్చే తడి గాలి. ఇక్కడేమో ఇంట్లోంచి గరాజ్‌లోకి, గరాజ్‌లోంచి కార్లోకి, కార్లోంచి కాస్ట్‌కోలోకి. "డబ్బాలోంచి డబ్బాలోకి మారుతున్నాంరా" అన్నాడొకసారి. ఆ తర్వాత మాట్లాడ్డమే తగ్గించేశాడు. మా పెద్ద కార్లో ముందు సీట్లో కూర్చోబెట్టి ఎన్ని చూపించినా "బాగుంది" అనే ఒక్క ముక్కే.

ఆయన మళ్లీ నోరు విప్పింది నా రెండో కార్లో. కొన్నందుకు అందరూ నన్ను తిట్టిన కార్లో.

రెండే సీట్లు

2012 మోడల్ మజ్దా మియాటా. ఎమ్‌ఎక్స్-5 అని కూడా అంటారు. ఎర్ర రంగు, గేర్ల బండి. సెకండ్ హ్యాండ్‌లో 13 వేల డాలర్లకు కొన్నా. సీట్లు రెండే. పైన గుడ్డ టాప్. దానికి మధ్యలో ఒక్క కొక్కెం ఉంటుంది. అది విప్పి, సీట్లోంచి లేవకుండానే టాప్‌ని వెనక్కి తోస్తే మడతపడి కూర్చుంటుంది. మోటార్లు, బటన్లు ఏమీ లేవు.

ఇంటికి తెచ్చిన రోజు మా ఆవిడ చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "మనం ముగ్గురం కదా, ఎవర్ని వదిలేసి వెళ్దామని?" అంది. ఫ్రెండ్స్ ఇంకో అడుగు ముందుకేసి, "ఆ డబ్బు పెడితే మంచి వ్యాన్‌కి డౌన్ పేమెంట్ అయ్యేది కదరా" అన్నారు. డిక్కీ 150 లీటర్లు. ఇండియా నుంచి పచ్చళ్లు, కారప్పొళ్లతో దిగే పెద్ద సూట్‌కేసు ఒక్కటి కూడా పట్టదు. వానొస్తే నెత్తి మీద టపటపమని ఒకటే మోత. హైవే మీద పక్కనుంచి ట్రక్కు వెళ్తుంటే దాని చక్రం మన తలకి సమానంగా కనపడుతుంది. ఇవన్నీ నిజాలే. వాదించను.

మరెందుకు కొన్నట్టు? స్పీడ్ కోసం అనుకుంటారు. కాదు. ఇంజిన్ రెండు లీటర్లే. మా వీధిలో పిల్లల్ని స్కూల్లో దింపే ఎలక్ట్రిక్ కార్లు కూడా సిగ్నల్ దగ్గర దీన్ని చిత్తుగా ఓడిస్తాయి. అసలు సంగతి బరువులో ఉంది. ఈ బండి సుమారు 1,100 కిలోలు. మా ఫ్యామిలీ ఎస్‌యూవీ టన్నున్నర దాటుతుంది. తేలికైన బండి, నేలకి దగ్గరగా సీటు, నెత్తిన ఆకాశం. ఇందులో గంటకి 60 కిలోమీటర్లలో వెళ్తున్నా ఒంటికి తెలుస్తుంది. ఎస్‌యూవీలో 110 మీద వెళ్తున్నా ఆవలింతలొస్తాయి. అంటే ఆఫీసుకెళ్లే మామూలు రోడ్డు మీద, పోలీసులు ఆపని స్పీడ్‌లోనే సరదా అంతా దొరికేస్తుంది. నాలాంటి ఈఎంఐల మనిషికి ఇంకేం కావాలి?

"స్వరాజ్ మజ్దా వాళ్లదా ఇది?"

మజ్దా అనగానే నాన్న అడిగిన మాట ఇది. ఆయన తప్పేం లేదు. మన వైపు ఆ పేరుకి అర్థం మినీ లారీ, లేదంటే స్కూల్ బస్సు. 1980ల్లో పంజాబ్ ట్రాక్టర్స్‌తో కలిసి మజ్దా పెట్టిన కంపెనీ అది. పసుపు బస్తాలు దుగ్గిరాల యార్డుకి మోసిన బండి పేరు ఈ ఎర్ర బొమ్మ మీద కనపడేసరికి ఆయన నమ్మలేదు.

ఆయనకి చెప్పిన కథే మీకూ చెప్తా. ఒకప్పుడు ఇలాంటి చిన్న ఓపెన్ కార్లకి పేరు ఇంగ్లండ్‌ది. ఎమ్‌జీ, ట్రయంఫ్, లోటస్ తయారుచేసేవి. చూడ్డానికి ముద్దుగా ఉండేవి, నడపడానికి సరదాగా ఉండేవి, కాకపోతే ఆయిల్ కారేది, వానకి లోపల తడిసేది. 1980లో ఎమ్‌జీ-బి, ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ రెండూ ఆగిపోయాయి. అంతకుముందే, భద్రతా రూల్స్ కఠినమైతే టాప్ లేని కార్లు నిలబడవేమోనన్న భయంతో అమెరికా కంపెనీలు కూడా వాటిని పక్కన పెట్టేశాయి.

1979లో బాబ్ హాల్ అనే అమెరికన్ ఆటోమొబైల్ జర్నలిస్టు మజ్దా పెద్దల్లో ఒకరైన కెనిచి యమమోటోని కలిశాడు. అలాంటి చవకైన చిన్న కారు మీరెందుకు చేయకూడదన్నాడు. పదేళ్లు పట్టింది. 1989 ఫిబ్రవరిలో చికాగో ఆటో షోలో మియాటా బయటికొచ్చింది. అప్పటి ధర 13,800 డాలర్లు. మామూలు ఉద్యోగస్తుడు కొనుక్కోగలిగే స్పోర్ట్స్ కారు, పైగా పొద్దున్నే తాళం తిప్పితే స్టార్టయ్యే స్పోర్ట్స్ కారు! 2016 కల్లా పది లక్షల కార్లు తయారయ్యాయి.

దీన్ని చేసిన ఇంజినీర్లు పెట్టుకున్న సూత్రం ఒక జపనీస్ మాట, 'జిన్బా ఇత్తాయ్'. గుర్రం, దాని మీది రౌతు ఒకే ఒళ్లయిపోవడం అని అర్థం. నాన్న అంతా విని తలూపాడు. అంతే. మళ్లీ మౌనం.

తాళం

ఆ మౌనానికి కారణం అమెరికా ఒక్కటే కాదని నాకు లోపల తెలుసు.

మా ఇంట్లో ఒక బజాజ్ చేతక్ ఉంది. నా చిన్నప్పుడు హ్యాండిల్ పట్టుకుని ముందు నిలబడేవాణ్ని, వెనక అమ్మ. ఏడాదికోసారి పొన్నూరు మీదుగా బాపట్ల, అక్కణ్నుంచి సూర్యలంక వెళ్లేవాళ్లం. దారి పొడుగునా నాన్న చెప్తూనే ఉండేవాడు. ఇక్కడ నాట్లు పడ్డాయి, అక్కడ ఇటుకబట్టీ కాలుతోంది, ఈ ఊళ్లో ఎవరింట్లోనో పెళ్లి వంటలు జరుగుతున్నాయి. ఏదీ చూసి చెప్పేవాడు కాదు. వాసన పట్టి చెప్పేవాడు. సముద్రం కనపడక ముందే ఉప్పుగాలి తగిలేది. అప్పుడు హారన్ కొట్టేవాడు.

అమ్మ పోయిన ఏడాదికి, కాలువ గట్టు మీద ఆయన చేతక్‌తో సహా పడ్డాడు. 72 ఏళ్లు. ఎముకలేం విరగలేదు, మోకాలు మాత్రం బాగా దెబ్బతింది. నేను ఇక్కణ్నుంచి ఫోన్ చేసి మా బాబాయి కొడుకు చేత స్కూటర్ తాళం తీయించేశా. ఒక సెకండ్ హ్యాండ్ కారు కొని ఇంటి ముందు పెట్టించా. ఫోన్ చేస్తే వచ్చే డ్రైవర్ని మాట్లాడా. ఏసీ కారు, దుమ్ము లేదు, ఎండ లేదు. ఇంతకంటే కొడుకు ఏం చేస్తాడు?

ఏడాదిలో ఆయన ఆ కారు ఎక్కింది నాలుగుసార్లు. "ఎందుకు వాడట్లేదు నాన్నా?" అంటే "పనేముందిలేరా" అనేవాడు. తాళం సంగతి ఒక్కసారీ ఎత్తలేదు. సరే ఒప్పుకున్నాడనుకున్నా.

ఆదివారం పొద్దున

అక్టోబర్. ఇంకో పది రోజుల్లో తిరుగు ప్రయాణం. ఆదివారం తెల్లారగట్లే మా ఆవిడ లేపింది. "మామయ్యగారు నాలుగింటి నుంచి హాల్లో కూర్చునే ఉన్నారు. బాబు లేచేలోపు కాదు, సాయంత్రం దాకా నేను చూసుకుంటా. ఆ ఎర్ర కార్లో అలా తిప్పుకురా."

మియాటాలో కూర్చోవడమంటే నేల మీద పీట వేసుకుని కూర్చోవడమే. నాన్న తలుపు పట్టుకుని, కాలు లోపల పెట్టి, "అమ్మో" అంటూ దిగాడు. "ఇదేం కార్రా, దిగడమే గానీ ఎక్కడం లేదు!" స్వెట్టర్, మంకీ క్యాప్, కాళ్లకి హీటర్. టాప్ తీసేశా.

రెండు గంటల దూరంలో బ్లూరిడ్జ్ పార్క్‌వే ఉంది. వర్జీనియా నుంచి నార్త్ కరోలినా దాకా కొండల అంచునే 469 మైళ్లు సాగే రోడ్డు. లారీల్ని రానివ్వరు. స్పీడ్ లిమిట్ 45 మైళ్లు, మన లెక్కలో 72 కిలోమీటర్లు. ఈ కారు కోసమే వేసినట్టుంటుంది.

ఊరు దాటిన కాసేపటికి పక్కనుంచి గొంతు వినపడింది. "గడ్డి కోశారు." నేను పట్టించుకోలేదు. ఇంకాస్త దూరం వెళ్లాక, "రాత్రి ఇక్కడ వాన పడిందిరా." నిజమే, రోడ్డు పక్కన తడి. "పేడ వాసనొస్తోంది, పశువులున్నాయి." మలుపు తిరిగాం. ఫెన్సింగ్ వెనక ఆవులు! ఆ దారిన ఎస్‌యూవీలో ఎన్నిసార్లు వెళ్లుంటానో. అక్కడ ఆవులున్నాయని నాకు ఆ రోజే తెలిసింది.

ఆ తర్వాత ఆయన ఆగలేదు. కొండెక్కేకొద్దీ ఆకులు ఎరుపు, పసుపు. గేరు మార్చినప్పుడల్లా నా చెయ్యి చూస్తున్నాడు. "మీ జపాను వాళ్లు గుర్రం, రౌతు అన్నారే. చేతక్ ఎవరో తెలుసా? రాణా ప్రతాప్ గుర్రం. మనవాళ్లు ముందే పెట్టారు ఆ పేరు" అని తనే నవ్వాడు. తర్వాత, నేనెప్పుడూ వినని సంగతి చెప్పాడు. పెళ్లయిన కొత్తలో అమ్మని చేతక్ మీద తెనాలి సినిమాకి తీసుకెళ్లేవాడట. స్పీడ్ ఎంతుందో మీటర్ చూసేవాడు కాదట. భుజం మీద అమ్మ చెయ్యి బిగిస్తే తగ్గించేవాడట.

వ్యూ పాయింట్ దగ్గర ఆపా. కాసేపు కొండల్ని చూసి, నా వైపు తిరక్కుండానే అన్నాడు. "తాళం తీయించడం తప్పనట్లేదురా. పడ్డాను కదా. కానీ ఆ తర్వాత ఊరు నాకు తెలీకుండా పోయింది. కార్లో కూర్చుంటే అద్దంలోంచి టీవీ చూసినట్టే ఉంది."

ఏమనాలో తోచలేదు. టోపీ సరిచేసి కారు తీశా.

మన దగ్గర దొరుకుతుందా?

ఇంత చదివాక మీలో కొందరు మియాటా ధర వెతకడం మొదలుపెట్టి ఉంటారు. ఆ శ్రమ వద్దు. మజ్దా కార్లు మన దేశంలో అమ్మట్లేదు. నా కారు తెచ్చుకుందామన్నా స్టీరింగ్ ఎడమవైపు, రిజిస్ట్రేషన్ కాదు. 1990ల చివర్లో గోవాలో శాన్ మోటార్స్ వాళ్లు 'స్టార్మ్' అనే రెండు సీట్ల ఓపెన్ కారు చేశారు. ఫైబర్ బాడీ, రెనో ఇంజిన్. పెద్దగా నడవలేదు. బీఎమ్‌డబ్ల్యూ జడ్4 లాంటిది కావాలంటే చాలా ఖరీదైన మాట. మామూలు మనిషికి అందిన ఓపెన్ టాప్ అంటే 1985లో వచ్చిన మారుతి జిప్సీ, ఆ తర్వాత గుడ్డ టాప్‌తో కూడా దొరికిన థార్. సరదా బళ్లే గానీ, ఎత్తుగా ఉంటాయి.

ఒకవేళ దొరికినా, మన ఊళ్లో స్పీడ్ బ్రేకర్ ఒక్కటి చాలు దీని పొట్ట గీరడానికి. మే నెల మధ్యాహ్నం తెనాలి రోడ్డు మీద టాప్ తీస్తే మనం వడియాలమే.

అయినా బాధపడక్కర్లేదు. తేలికైన బండి, చేతికి తెలిసే గేర్లు, ముఖానికి గాలి. మియాటా అమ్మేది ఇదే కదా. మన దగ్గర ఇవన్నీ స్కూటర్‌కి, బైక్‌కి ఎప్పట్నుంచో ఉన్నాయి. టూవీలర్ నుంచి కారుకి మారడాన్ని మనం ప్రమోషన్‌గా చూస్తాం. ఎండ, వాన, దుమ్ము, ప్రమాదం... మారడానికి కారణాలన్నీ సరైనవే. కాకపోతే ఆ మారే రోజు అద్దాల బయట ఏం వదిలేస్తున్నామో ఎవరూ లెక్క రాసుకోరు. నేను మా నాన్న తరఫున కూడా రాయలేదు.

మళ్లీ కొలకలూరు

సంక్రాంతికి వెళ్లా. మూల పడి ఉన్న చేతక్‌ని తెనాలిలో మెకానిక్ దగ్గరికి తోలించా. కార్బురేటర్ కడిగి, ప్లగ్ మార్చి, టైర్లు వేశాడు. మర్నాడు పొద్దున్నే నేను ఎంత కిక్ కొట్టినా స్టార్ట్ కాలేదు. నాన్న వచ్చి, నన్ను పక్కకి జరగమని, బండిని ఒకసారి ఓ పక్కకి వంచి నిలబెట్టి, "ఇప్పుడు కొట్టు" అన్నాడు. ఒక్క కిక్!

వెనక కూర్చోడానికి ఆయనకి మనసొప్పలేదు. కూర్చున్నాడు. ఇద్దరికీ హెల్మెట్లు. కాలువ గట్టు వెంబడి పొగమంచులో వెళ్లాం. నేను కొంచెం స్పీడ్ పెంచగానే నా భుజం మీద ఆయన చెయ్యి బిగిసింది. తగ్గించా.

బయల్దేరే రోజు తాళాన్ని తలుపు పక్కన మేకుకి తగిలించా, పాత చోటే. షరతులు చెప్పా. హెల్మెట్ ఉండాలి, వెలుతురు ఉండాలి, పొలం దాకా వెళ్లి రావాలి, మెయిన్ రోడ్డెక్కకూడదు. "సరేలేరా" అన్నాడు.

పోయిన వారం మా బాబాయి కొడుకు ఫొటో ఒకటి పంపాడు. తెనాలిలో ఏదో టిఫిన్ హోటల్, దాని ముందు మా చేతక్. హ్యాండిల్‌కి హెల్మెట్ వేలాడుతోంది. వెంటనే తిడదామని ఫోన్ చేశా. రింగవుతూనే ఉంది, ఎత్తలేదు.

బండి మీద ఉండి ఉంటాడు.